పొయ్యి వెలిగించని ఎనర్జీ బైట్స్: అవి ఎందుకు కుదురుతాయి, ఎందుకు చెడతాయి

ఎనర్జీ బైట్స్ ఎలా చేయాలని అడిగితే ఎవరైనా రెండు ముక్కల్లో చెప్పేస్తారు. ఖర్జూరం, ఓట్స్, నాలుగు రకాల గింజలు మిక్సీలో తిప్పండి, ఉండలు చుట్టండి, ఫ్రిజ్‌లో పెట్టండి. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే అవే కొలతలతో చేసినా ఒకసారి ఉండ చేతిలోనే పొడిపొడిగా రాలిపోతుంది. ఇంకోసారి వేళ్లకు బంకలా పట్టుకుని వదలదు. మరోసారి చూడ్డానికి బాగానే ఉన్నా మర్నాటికి డబ్బా అడుగున నూనె తేలుతుంది. కరకరలాడాలని వేసిన పేలాలు రెండో రోజుకే మెత్తబడిపోతాయి. అరటిపండు వేసి చేసినవైతే నాలుగు రోజులకే పుల్లవాసన కొట్టొచ్చు.

వీటిలో ఒక్కోదానికి ఒక్కో చిట్కా దొరుకుతుంది. అయితే చిట్కాలు బట్టీ పట్టడం కన్నా, ఓవెన్ లేకుండా చేస్తున్నామంటే దేన్ని వదులుకుంటున్నామో ఒకసారి ఆలోచిస్తే చాలు, మిగతా చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఓట్స్, గింజలు, తీపి కలిపి కాల్చే గ్రనోలా బార్ ఒకటి ఓవెన్‌లోకి వెళ్లిందనుకోండి. అక్కడ మూడు పనులు జరుగుతాయి. కరిగిన చక్కెర, ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక గట్టిపడి ముక్కను ఒక్కటిగా పట్టి ఉంచుతాయి. నీరు చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి సరుకు నిలవ ఉంటుంది. పచ్చి పదార్థాల్లో ఉన్న క్రిములు చాలామటుకు చస్తాయి. వేడిని తీసేశామంటే ఈ మూడు పనులకూ దిక్కు లేదు. వాటిని పదార్థాల ఎంపికతోనే చేయించుకోవాలి. పట్టి ఉంచే పని జిగురున్న ఎండు పండుకి అప్పగించాలి. నిలవ ఉండాలంటే నీరు తక్కువగా ఉండేలా చూసుకోవాలి. క్రిముల సంగతికి వస్తే, అంతకుముందే ఎక్కడో వేడి తగిలిన ధాన్యాన్ని ఎంచుకోవడం తప్ప మార్గం లేదు. ఎనర్జీ బైట్స్‌లో తప్పు జరిగిందంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి గాలికి వదిలేశామని అర్థం.

జిగురు ఎవరిది?

ఖర్జూరం తీపి కోసం వేస్తామని అనుకుంటాం. ఇక్కడ దాని అసలు ఉద్యోగం జిగురు. మెడ్జూల్ రకం ఖర్జూరం 100 గ్రాముల్లో దాదాపు 66 గ్రాములు చక్కెరలే. నీరు 21 గ్రాములు, పీచు 7 గ్రాముల దాకా ఉంటాయి. అంటే పండు లోపలున్న తడి మామూలు తడి కాదు, బాగా చిక్కబడ్డ పాకం. పీచూ, పెక్టిన్ అనే పండ్ల జిగురు పదార్థమూ ఆ పాకాన్ని కదలకుండా పట్టి ఉంచుతాయి. మిక్సీ బ్లేడు పండును చీల్చినప్పుడు ఆ పాకం బయటికొచ్చి ఓట్స్ రేకుల్నీ గింజల ముక్కల్నీ ఒకదానికొకటి అతికిస్తుంది.

రకాన్ని బట్టి తేడా ఉంటుంది. మెడ్జూల్‌లో ఎక్కువగా ఉండేవి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్‌కి తడిని పట్టి ఉంచుకునే గుణం బాగా ఎక్కువ కాబట్టి ఆ ముద్ద రోజులు గడిచినా మెత్తగానే ఉంటుంది. డెగ్లెట్ నూర్ లాంటి రకాల్లో సుక్రోజ్, అంటే మామూలు పంచదార, ఎక్కువ. పండు కూడా కాస్త గట్టిగా, పొడిగా ఉంటుంది. వీటిని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, నీళ్లన్నీ వంపేసి, గుడ్డతో అద్దాక వాడితే మెడ్జూల్‌కి దగ్గరగా వస్తాయి. నానబెట్టిన నీళ్లు వృథా అవుతాయని ముద్దలో పోసేయకండి. ఆ పొరపాటు ఎక్కడికి దారి తీస్తుందో కాసేపట్లో చూద్దాం.

ఏ రకమైనా సరే, పండుని అలాగే జార్‌లో పడేయకూడదు. బొటనవేలితో ఒక్కొక్కటీ విప్పి చూడాలి. గింజలు తీసినవని రాసున్న ప్యాకెట్లో కూడా అప్పుడప్పుడు ఒక గింజో, విరిగిన గింజ ముక్కో ఉండిపోతుంది, అది పంటి కింద పడితే కథ వేరు. లోపల నల్లటి పొడి, బూజు, సన్నటి దారాలు కనిపిస్తే ఆ పండు అవతల పారేయాలి. పైన తెల్లటి మచ్చలుంటే మాత్రం వెంటనే కంగారు పడక్కర్లేదు. పాతబడ్డ ఖర్జూరంలో చక్కెర పైకి తేలి గరుకుగా పేరుకుంటుంది. దాన్ని గోరువెచ్చని నీటిలో ముంచితే కరిగిపోతుంది. నూగులా ఉండి కరగకపోతే అది బూజు.

తేనెతో కూడా అంటుకుంటాయి కదా అని చాలామంది ఖర్జూరం మానేసి తేనె, పీనట్ బటర్ మీదే ఆధారపడతారు. తేనెలో పీచు లేదు. అది ద్రవం. ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ బిగుసుకుని ఉంటుంది, బయట పెట్టిన అరగంటకి జారడం మొదలుపెడుతుంది. తెల్లారి చుట్టిన గుండ్రటి ఉండలు మధ్యాహ్నానికి బల్లపరుపుగా కూర్చునేది అందుకే. కొబ్బరి నూనెతో చేసినవాటిదీ అదే గతి, ఆ నూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. ఇంట్లో కూర్చుని ఫ్రిజ్‌లోంచి తీసుకుని తినేటట్టయితే ఇబ్బంది లేదు. బ్యాగులో వేసుకుని తిరగాలంటే మాత్రం ఖర్జూరమే నమ్మకస్తురాలు. తేనె ఒక చెంచా రుచికి వేసుకోవచ్చు, బరువంతా దాని మీద మోపకూడదు.

మిగతా ఎండు పండ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎండుద్రాక్షలో నీరు 15 శాతమే, తొక్క కూడా గట్టిది, కాబట్టి మెత్తగా నలిగితే తప్ప జిగురు ఇవ్వదు. ఎండు ఆప్రికాట్‌లో నీరు 30 శాతం దాకా ఉంటుంది, పులుపు బాగుంటుంది కానీ ముద్ద జారుగా వస్తుంది. ఖర్జూరంలో మూడో వంతు తీసేసి ఆ స్థానంలో వేస్తే సరిపోతుంది. అంజీర్ జిగురులో ఖర్జూరానికి దీటుగానే ఉంటుంది, పైగా ఆ చిన్న గింజలు పటపటమంటాయి. ఎండు క్రాన్‌బెర్రీలు అతుక్కోవు, చాలావరకు వాటికి పంచదార పట్టించే ఉంటారు. వాటిని ముక్కలుగా కలపడం వరకే.

నూనె జిగురుకి శత్రువు

ఉండలు రాలిపోవడానికి ఎక్కువమంది ఊహించని కారణం నూనె. బాదంలో సగం బరువు కొవ్వే, వాల్‌నట్‌లో ఇంకా ఎక్కువ. పల్స్ బటన్ నొక్కి నొక్కి వదులుతూ కచ్చాపచ్చాగా చేసినంతవరకు ఆ కొవ్వు గింజలోనే ఉంటుంది. ఆపకుండా తిప్పుతూ పోతే కణాలు పగిలి నూనె బయటికొస్తుంది, ఇంకాస్త తిప్పితే అదే నట్ బటర్ అవుతుంది. ఈ నూనె ఓట్స్ రేకులకి పూతలా పట్టిందంటే ఖర్జూరం పాకం వాటిని తడపలేదు. తడవని చోట అతుకూ ఉండదు.

దీన్నిబట్టే వరస తేలిపోతుంది. ముందు గింజల్ని పొడి జార్‌లో కచ్చాపచ్చాగా చేసి పక్కకి తీసేయాలి. తర్వాత ఖర్జూరాన్ని విడిగా ముద్ద చేయాలి. ఆ ముద్దలో ముందు ఓట్స్ కలిపి, పాకం వాటికి పట్టాక, అప్పుడు గింజలూ నట్ బటరూ వేయాలి. అన్నీ ఒకేసారి జార్‌లో కుమ్మరించే పద్ధతి పని తగ్గించే మాట నిజమే కానీ, అడుగున ఉన్న గింజలు నూనె వదిలేదాకా పైనున్న ఖర్జూరం నలగదు. ఆ పైన మిక్సీ కూడా వేడెక్కుతుంది. వేడికి నూనె ఇంకా జారుతుంది, చాక్లెట్ చిప్స్ వేసి ఉంటే అవీ కరిగి ముద్దంతా పులుముకుంటాయి. చిప్స్ ఎప్పుడైనా చివర్లో, ముద్ద చల్లబడ్డాకే వేయాలి.

రాలిపోతోందని కనిపించగానే చెయ్యి నట్ బటర్ సీసా వైపో, నూనె వైపో వెళుతుంది. తాత్కాలికంగా ముద్ద కట్టినట్టే ఉంటుంది. మర్నాటికి నూనె కారుతుంది. అక్కడ కావలసింది ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు. పిండి కలిపినట్టు ధార పోయడం కాదు, ఒక్కో చిన్న చెంచా చొప్పున వేసి కలిపి, ఆగి చూడాలి. ఇందులో ఒక తమాషా ఉంది. నట్ బటర్‌లో కొంచెం నీళ్లు గానీ తేనె గానీ పడగానే అది పలచబడాల్సింది పోయి ఉన్నపళంగా బిగుసుకుంటుంది. నూనెలో తేలుతున్న ప్రోటీన్, పిండి రేణువులు ఆ కాస్త నీటినీ పీల్చుకుని ఒకదానికొకటి అంటుకోవడం వల్ల అలా జరుగుతుంది. చెడిపోయిందని టెన్షన్ పడి ఇంకా నీళ్లు పోయకండి.

మొదటిసారి చేసేవాళ్లకి ఒక కొలత చెప్పమంటే ఇది చెబుతాను. గింజ తీసిన మెడ్జూల్ ఖర్జూరం 150 గ్రాములు, రోల్డ్ ఓట్స్ (రేకులుగా నొక్కినవి) 100 గ్రాములు, బాదం 60 గ్రాములు, ఉప్పూ పంచదారా లేని పీనట్ బటర్ 60 గ్రాములు, చియా గింజలు 15 గ్రాములు, చిటికెడు ఉప్పు. కప్పులతో కొలవడం కన్నా తూకం మేలు. ఒకే కప్పులో ఖర్జూరాన్ని అదిమి పెట్టారా, వదులుగా వేశారా అన్నదాని మీద బరువు చాలా మారిపోతుంది, ఇక్కడేమో ముద్ద కట్టడం అంతా ఆ నిష్పత్తి మీదే నిలబడి ఉంది. ఉప్పు మానేయకండి. అది లేకపోతే తీపి ఒక్కటే నాలుక మీద మోతగా ఉంటుంది.

కలిపాక వెంటనే చుట్టకూడదు. గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్‌లో అరగంట ఉంచాలి. ఈ అరగంటలో ఓట్స్ ఖర్జూరం లోని తడిని కొంత లాక్కుని మెత్తబడతాయి, చియా చుట్టూ బంక పొర ఏర్పడుతుంది, కొవ్వు చల్లబడి గట్టిపడుతుంది. కలిపిన వెంటనే బంకగా అనిపించిన ముద్ద అరగంటకి సరిగ్గా కుదిరిపోవడం మామూలే. కాబట్టి ఓట్స్ ఇంకా వేయాలా, నీళ్లు చల్లాలా అన్న నిర్ణయం ఈ విరామం తర్వాతే.

ఆ నిర్ణయానికి ఒక పరీక్ష ఉంది. ఒక చెంచాడు ముద్ద తీసుకుని అరచేతిలో గట్టిగా బిగించి, పిడికిలి విప్పాలి. వేళ్ల గుర్తులు ముద్ద మీద స్పష్టంగా పడి, అరచెయ్యి దాదాపు శుభ్రంగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. దాన్ని రెండు వేళ్లతో నొక్కితే అంచుల్లో సన్నటి పగుళ్లు రావచ్చు, విడిపోకూడదు. నొక్కగానే ఇసుకలా విడిపోయిందంటే నీళ్లు చాలవు. అరచేతిలో గోధుమరంగు పూత మిగిలిపోతే తడి ఎక్కువైంది, రెండు చెంచాల ఓట్స్ పొడి కలపాలి. చెయ్యి మెరుస్తూ జిడ్డుగా ఉంటే సమస్య నీళ్లది కాదు, నూనెది. అప్పుడు ఇంకో రెండు ఖర్జూరాలూ కొన్ని ఓట్సూ కలిపి, మళ్లీ చల్లబరచడమే దారి. చుట్టేటప్పుడు చేతికి నూనె కన్నా కాస్త తడి రాసుకోవడం మంచిది, కారణం ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

తడి ఎటు వెళ్తుంది?

ఒక పదార్థంలో నీరు ఎంత ఉందనేది ఒక లెక్క. ఆ నీటిలో ఎంత స్వేచ్ఛగా ఉందనేది వేరే లెక్క. చక్కెర, ఉప్పు, పీచు కొంత నీటిని పట్టి బంధిస్తాయి. అలా బంధించిన నీరు క్రిములకు అందదు, ఆవిరై పోవడానికీ తొందరపడదు. ఈ స్వేచ్ఛని ఆహార శాస్త్రంలో వాటర్ యాక్టివిటీ అంటారు, 0 నుంచి 1 దాకా కొలుస్తారు. స్వచ్ఛమైన నీరు 1. తాజా పండ్లు 0.97 పైనే. 0.85 కంటే తక్కువైతే మనిషికి జబ్బు చేసే బ్యాక్టీరియా పెరగదు. 0.6 కంటే దిగితే బూజు, ఈస్ట్ సహా ఏదీ పెరగదు. తేనె, ఖర్జూరం, ఎండుద్రాక్ష 0.6 దరిదాపుల్లో ఉంటాయి, ఓట్స్, గింజలు ఇంకా కింద.

ఖర్జూరం, ఓట్స్, గింజలతో మాత్రమే చేసిన ఉండ నిలవ ఉండేది అందుకే. అందులో అరటిపండు గుజ్జు కలిపామనుకోండి, లెక్క మొత్తం మారిపోతుంది. అరటిపండులో నాలుగింట మూడు వంతులు నీరే. ఆపిల్ తురుములో 85 శాతం దాకా. ఈ నీటిని బంధించేంత చక్కెర ఆ ముద్దలో లేదు. అలాంటివాటిని ఎండు ఉండలతో సమానంగా చూడకూడదు. వండిన పాయసాన్ని ఎలా చూస్తామో అలా చూడాలి: ఫ్రిజ్‌లోనే ఉండాలి, రెండు మూడు రోజుల్లో తినేయాలి, బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఖర్జూరం నానబెట్టిన నీళ్లు ముద్దలో పోయొద్దన్నదీ ఇందుకే. రెండు చెంచాలైతే ఓట్స్ పీల్చేసుకుంటాయి, అరకప్పు పోస్తే ఎండు సరుకు కాస్తా పచ్చి సరుకు అయిపోతుంది.

తాజా పండు రుచి కావాలి, నిలవా ఉండాలి అంటే ఫ్రీజ్ డ్రై చేసిన (గడ్డకట్టించి ఆరబెట్టిన) పండు పొడి ఒక మంచి మార్గం. స్ట్రాబెర్రీ, మామిడి, రాస్ప్‌బెర్రీ ఏదైనా సరే, నీరు పోయి రుచి మిగులుతుంది. నిమ్మ, నారింజ తొక్క తురుము కూడా తడి లేకుండానే బోలెడు వాసన ఇస్తుంది. ఖర్జూరం తీపిని విరవడానికి నాకు తెలిసి దీన్ని మించింది లేదు.

పేలాలు ఎందుకు మెత్తబడతాయన్నదానికి కూడా జవాబు ఇక్కడే ఉంది. నీరు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుందని అనుకుంటాం. నిజానికి అది వాటర్ యాక్టివిటీ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుంది. పేలిన ధాన్యం ఎముకలా ఎండి ఉంటుంది. పక్కనే ఖర్జూరం. రెండూ ఒక స్థాయికి వచ్చేదాకా తడి ప్రయాణిస్తూనే ఉంటుంది. డబ్బా ఎంత గట్టిగా మూసినా లాభం లేదు, ఎందుకంటే తడి వస్తున్నది బయటి గాలి నుంచి కాదు, లోపలి ముద్ద నుంచే. ప్యాకెట్ సీరియల్‌లో ఎండుద్రాక్ష రాయిలా బిగుసుకుపోవడం ఇదే ప్రయాణంలో రెండో కొస. ఆపలేం కానీ ఆలస్యం చేయొచ్చు. పేలిన గింజల్ని ముందుగా కరిగించిన చాక్లెట్‌లో గానీ నట్ బటర్‌లో గానీ పొర్లించి వేస్తే ఆ కొవ్వు పొర తడికి అడ్డం నిలుస్తుంది. ఇందాక జిగురుకి శత్రువన్న నూనే ఇక్కడ పనికొస్తోంది. లేదంటే ఉండల్ని తినబోయే ముందు పేలాల్లో దొర్లించండి, అంతకన్నా కరకర ఎక్కడా రాదు.

తడిని దొంగిలించేవి ఇంకా ఉన్నాయి. చియా తన బరువుకి పది రెట్ల దాకా నీటిని పట్టుకోగలదు, అందుకే కొలతలో 15 గ్రాముల దగ్గరే ఆగాను. అది 40 గ్రాములైతే ఈరోజు చక్కగా ఉన్న ఉండ రేపటికి ఎండి బిగుస్తుంది. కోకో పొడి కూడా పొడి సరుకే, రెండు చెంచాలు వేస్తే ఒక చెంచా నీళ్లు జోడించాలి. ప్రోటీన్ పౌడర్‌తో మరీ జాగ్రత్త. మొదటి రోజు బాగుంటుంది, రోజులు గడిచేకొద్దీ తడి పీల్చుకుని సుద్దముక్కలా తయారవుతుంది. ఎక్కువ వేయాలనుకుంటే తక్కువ సంఖ్యలో చేసుకుని త్వరగా తినేయడమే మంచిది.

పచ్చి ధాన్యం తినొచ్చా?

ఈ ప్రశ్న చాలామంది అడగరు, అడగాల్సింది మాత్రం ఇదే. రోల్డ్ ఓట్స్ పచ్చివని అనుకుంటాం కానీ అవి పూర్తిగా పచ్చివి కావు. ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ, దాన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా అందులోనే ఉంటుంది. పొట్టు తీసి అలాగే వదిలేస్తే కొద్ది రోజుల్లోనే చేదెక్కిపోతాయి. అందుకని మిల్లులో ముందు ఆవిరి పట్టి ఆ ఎంజైమ్‌ని పనికిరాకుండా చేసి, ఆ తర్వాతే రోలర్ల మధ్య నొక్కుతారు. మనం ప్యాకెట్ విప్పేసరికే వాటికి వేడి తగిలి ఉంటుంది, నమలడానికీ అరగడానికీ కొంత అనువుగా మారి ఉంటాయి. 1900 ప్రాంతంలో స్విట్జర్లాండ్ వైద్యుడు మాక్స్ బిర్చర్ బెన్నర్ తన రోగులకు పెట్టిన మ్యూస్లీ కూడా వండినది కాదు, నానబెట్టిన ఓట్స్‌లో ఆపిల్ తురుము కలిపినదే. అలాగని ప్యాకెట్ మీద వండి తినమని రాసి ఉంటే ఆ మాటే వినాలి. ముక్కలుగా కోసిన స్టీల్ కట్ ఓట్స్ ఈ పనికి రావు, నానినా పంటికి రాళ్లలా తగులుతాయి.

మైదా, గోధుమపిండి, బియ్యప్పిండి సంగతి వేరు. పిండి చూడ్డానికి శుభ్రంగా, పొడిగా ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. కానీ పొలం నుంచి మిల్లు దాకా ఎక్కడా క్రిముల్ని చంపే దశ లేకుండానే అది వస్తుంది. 2015 చివర్లో అమెరికాలో మొదలై 2016లో కొనసాగిన ఇ. కొలై బ్యాక్టీరియా వ్యాప్తికి గోధుమపిండే కారణమని తేలింది. 24 రాష్ట్రాల్లో 63 మంది జబ్బుపడ్డారు. పిండి పొడిగా ఉన్నంతకాలం క్రిములు పెరగవు, అయితే చావవు కూడా. నెలల తరబడి అలా పడి ఉంటాయి. వాటర్ యాక్టివిటీ తక్కువగా ఉంటే భద్రం అని ఇందాక చెప్పిన మాటకి ఇదే హద్దు: అది ఉన్నవాటిని పెరగనివ్వదు, అంతే.

మరి పిండిని బాణలిలో వేయించేస్తే? రుచి కోసమైతే తప్పకుండా వేయించండి. ఓట్స్‌ని సన్నటి సెగ మీద అయిదారు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చి అంచులు రంగు తిరిగేదాకా వేయిస్తే బైట్స్ రుచే మారిపోతుంది. కానీ దాన్ని క్రిమిసంహారం అనుకోవద్దు. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా తడిలో ఉన్నప్పటికన్నా పొడి పదార్థంలో ఉన్నప్పుడు వేడిని చాలా ఎక్కువగా తట్టుకుంటుంది. బాణలిలో వేడి అన్నిచోట్లా సమానంగా కూడా తగలదు. పిండిని ఇంట్లో వేయించి పచ్చిగా తినేందుకు భద్రంగా మార్చే ప్రయత్నం చేయవద్దని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగానే చెబుతుంది. పిండిలాంటిది కావాలంటే రోల్డ్ ఓట్స్‌నే మిక్సీలో పొడి చేసుకోండి. పచ్చి క్వినోవా, పచ్చి పప్పుల పిండి వద్దు. పేలినవి, ఉడికించి రేకులు చేసినవి అయితే సరే.

గింజల విషయంలో ముక్కుని నమ్మండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు ఛాయలున్న వేరుశనగ గింజలు ఏరి పారేయాలి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. వాల్‌నట్, అవిసె గింజల్లోని కొవ్వు గాలికీ వెలుతురికీ తొందరగా పాతబడుతుంది, పెయింట్ వాసన లాంటిది వస్తే పనికిరావు. అవిసెలు గింజలుగానే వేస్తే అరగకుండా బయటికి పోతాయి, కాబట్టి పొడి చేయాల్సిందే, అదీ వాడే రోజున.

ఇంట్లో చిన్నపిల్లలుంటే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఏడాది నిండని పాపకి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు అందులో ఉండొచ్చు. ఇక గుండ్రంగా, జిగురుగా, గింజ ముక్కలతో ఉండే ఈ ఉండ చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడటానికి సరిగ్గా సరిపోయే ఆకారం. నాలుగైదేళ్లు వచ్చేదాకా గింజల్ని మెత్తగా పొడి చేసి, పల్చటి బిళ్లలుగా ఒత్తి, పక్కన ఉండి తినిపించాలి. బయటివాళ్లకి పంచేటప్పుడు వేరుశనగ, బాదం, జీడిపప్పు, నువ్వుల అలర్జీ గురించి అడగకుండా ఇవ్వొద్దు. పొద్దుతిరుగుడు, గుమ్మడి గింజలతో చేస్తే చాలామందికి ఇబ్బంది తప్పుతుంది. గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) పడనివాళ్లకి మామూలు ఓట్స్ చాలవు, గోధుమ కలవలేదని ధ్రువీకరించిన ఓట్స్ కావాలి.

ఎనర్జీ అంటే కేలరీలే

పేరులో ఎనర్జీ ఉంది కదా అని తింటే హుషారొస్తుందని కాదు. పైన చెప్పిన కొలతకి లెక్కేద్దాం. ఖర్జూరం నుంచి 415 కేలరీలు, ఓట్స్ 380, బాదం 350, పీనట్ బటర్ 355, చియా 70, మొత్తం సుమారు 1570. బరువు 385 గ్రాములు. ఇరవై ఉండలు చుడితే ఒక్కోటి 19 గ్రాములు, 78 కేలరీలు. అందులో చక్కెర 5 గ్రాములు, పీచు 2 గ్రాములకి కాస్త తక్కువ, ప్రోటీన్ 2 గ్రాములకి కాస్త ఎక్కువ. ఇలాంటివాటిని ప్రోటీన్ బైట్స్ అని పిలవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. మూడు తింటే చిన్న ఫలహారం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎనిమిది తినేస్తే 600 దాటిపోతుంది, అది ఒక పూట భోజనం.

ఇక పంచదార లేదు అన్న మాట. సాంకేతికంగా ఇందులో కలిపిన పంచదార లేదు. అయితే ఖర్జూరాన్ని మెత్తటి ముద్ద చేశాక దాన్ని ఎలా లెక్కించాలన్నదాంట్లో దేశానికో తీరు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో ఫ్రీ షుగర్స్ అంటే బయటి నుంచి కలిపిన చక్కెర, తేనె, సిరప్‌లు, పండ్ల రసాల్లోని చక్కెర. రోజు మొత్తం శక్తిలో అవి 10 శాతం లోపే ఉండాలని, 5 శాతం లోపుంటే ఇంకా మేలని చెప్పింది. బ్రిటన్ 2018లో ఖరారు చేసిన నిర్వచనం ఇంకాస్త ముందుకెళ్లి, పండ్ల గుజ్జులు, పేస్టుల్లోని చక్కెరనూ ఇందులో చేర్చింది. అక్కడి లెక్కన ఎండు ఖర్జూరం అలాగే నమిలితే ఫ్రీ షుగర్ కాదు, పేస్టుగా మారిస్తే అవుతుంది. అక్కడ పెద్దవాళ్లకి రోజుకి పరిమితి 30 గ్రాములు, అంటే మన ఉండలు ఆరు.

పీచు మిక్సీలో మాయమైపోదు కాబట్టి దీన్ని చెంచాడు పంచదారతో సమానం చేయడం అన్యాయం అనిపిస్తుంది. అలాగని మూడు ఖర్జూరాలు నిదానంగా నమిలి తినడంతోనూ సమానం కాదు, ముద్ద చేసినదాన్ని ఎంత తింటున్నామో తెలియకుండా తినేస్తాం. మధుమేహం ఉన్నవాళ్లు ఖర్జూరం తగ్గించి ఓట్స్, గింజలు పెంచుకోవచ్చు, కాకపోతే తగ్గించిన ప్రతి ఖర్జూరంతోనూ జిగురు తగ్గుతుంది, నట్ బటర్‌తో కట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాల్సి వస్తుంది. ఎన్ని తినొచ్చో తమ డాక్టర్‌తో మాట్లాడుకోవడం మంచిది. పళ్ల సంగతి కూడా ఉంది. పంటికి అతుక్కునే తీపి కాబట్టి రోజంతా ఒక్కొక్కటీ కొరుక్కుంటూ కూర్చోవడం కన్నా భోజనంతో కలిపి తినేయడం పళ్లకి మేలు.

వ్యాయామం చేసేవాళ్లకి ఇవి ఎప్పుడు పనికొస్తాయి? గంటకు మించి సాగే పరుగు, సైక్లింగ్ లాంటి వాటిలో గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవాలన్నది సాధారణంగా ఇచ్చే సలహా. మన ఉండలో అది పదిన్నర గ్రాములు. లెక్క ప్రకారం గంటకి మూడు నుంచి ఆరు సరిపోవాలి. అయితే ఇందులోని కొవ్వు, పీచు కడుపు నుంచి కదలడానికి టైమ్ తీసుకుంటాయి, గట్టిగా పరిగెత్తేటప్పుడు కడుపు బరువెక్కుతుంది. నెమ్మదిగా సాగే నడకకి, కొండ ఎక్కడానికి ఇవి బాగుంటాయి. వేగంగా పరిగెత్తేవాళ్లు బయలుదేరే ముందు ఒక గంటా గంటన్నర ఖాళీ ఉంచుకుని తినడం నయం. లేదా గింజలూ నట్ బటరూ సగానికి తగ్గించి, ఖర్జూరం పెంచి చేసుకోవాలి. అలా చేస్తే జిగురు కూడా పెరుగుతుంది, చేతికి అంటుకోకుండా పైన ఓట్స్ పొడి అద్దాలి.

నిలవ

ఎండు సరుకుతో చేసినవి మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో ఒకటి రెండు వారాలు హాయిగా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో బటర్ పేపర్ వేయాలి. ఫ్రీజర్‌లో మూడు నెలల దాకా రుచి పెద్దగా మారదు. నీరు తక్కువ, చక్కెర ఎక్కువ కాబట్టి ఇవి అక్కడ కూడా మంచుగడ్డలా గట్టిపడవు, తీసిన అయిదు పది నిమిషాల్లో కొరకడానికి వస్తాయి. ఎక్కువ మొత్తంలో బయటికి తీస్తున్నప్పుడు మాత్రం డబ్బా మూత వెంటనే తెరవకండి. చల్లటి ఉండల మీద గాలిలోని తేమ నీటిబొట్లుగా చేరి పైపొర తడుస్తుంది, ఆ తడిసిన చోటే ముందు బూజు పడుతుంది. డబ్బా గది వేడికి వచ్చాక మూత తీయండి.